మాగ్నెట్ బోర్డుతో నాకౌట్ గట్టెక్కుతామా? హాకీ కోచింగ్ బోర్డు మీద రివ్యూ

జిప్పు లాగి పుస్తకంలా తెరిస్తే లోపల హాకీ మైదానం గీతలు, రెండు రంగుల్లో పదకొండేసి అయస్కాంతపు బిళ్లలు, బంతి కోసం ఒక చిన్న బిళ్ల, ఒక మార్కరు, ఒక డస్టరు. కోచింగ్ బోర్డు అని అమ్మే సరుకు ఇదే. ఎక్కువగా జలంధర్, మీరట్ వైపు నుంచి వస్తుంది. పైన పేర్లు మారుతుంటాయి గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి ఏదో ఒక బ్రాండును పట్టుకోకుండా ఈ రకం మొత్తానికీ కలిపి రాస్తున్నాం. ధర సైజును బట్టి ఐదారు వందల నుంచి పన్నెండు వందల దాకా ఉంటుంది. దక్షిణ ఒడిశాలో మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు దుకాణాల్లో క్రికెట్, ఫుట్‌బాల్ సామాన్లదే రాజ్యం. హాకీ బోర్డు కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా విశాఖ వెళ్లేవాళ్ల చేత తెప్పించుకోవాలి.

ముందే చెప్పేస్తాం. పెనాల్టీ కార్నర్ (గోల్ పక్క గీత మీది నుంచి బంతి తోసి గోల్‌కు కొట్టే అవకాశం), ప్రెస్ (ఎదుటివాళ్లు బంతి బయటికి తీయకుండా ముందుకెళ్లి అడ్డుకోవడం), షూటౌట్ (సమమైన ఆటను తేల్చడానికి ఒక్కొక్కరే కీపరు మీదికి వెళ్లడం) వరస, ఈ మూడూ నేర్పడానికి బోర్డు డబ్బుకు న్యాయం చేస్తుంది. ఎవరిని ఎప్పుడు దించాలి, ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలి అన్న విషయంలో మాత్రం ఇది పనికిరాదు. నాకౌట్‌లో జట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. అందుకే బోర్డుతో పాటు ఒక తెల్ల కాగితం, ఒక స్కేలు కూడా పెట్టుకోవాలి. దాని గురించి కింద వివరంగా ఉంది.

కొనే ముందు కొలతలు సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో 'హాకీ బోర్డు' అని వెతికితే సగం ఐస్ హాకీవే కనిపిస్తాయి. మూలలు గుండ్రంగా ఉండి, గోల్ వెనకాల కూడా ఆడే చోటు ఉంటే అది మనది కాదు. ఇంకొన్నిటిలో ఫుట్‌బాల్ బొమ్మకే పెనాల్టీ బాక్సు తీసేసి ఓ అర్ధచంద్రాకారం గీసి వదిలేస్తారు. అసలు మైదానం పొడవు 91.40 మీటర్లు, వెడల్పు 55. అంటే బొమ్మ పొడవు 40 సెంటీమీటర్లయితే వెడల్పు 24 ఉండాలి. 20 దగ్గరే ఆగితే వింగుల్లో చోటు కుదించేశారన్నమాట. ఆ బోర్డు మీద నేర్పిన ప్రెస్ మైదానంలో తేలిపోతుంది. రెండు 23 మీటర్ల గీతలు, నడిమి గీత కలిసి మైదానాన్ని దాదాపు నాలుగు సమాన భాగాలు చేస్తాయి కాబట్టి, కాగితాన్ని బొమ్మ పొడవుకు కత్తిరించి నాలుగు మడతలు పెడితే మడతలు గీతల మీదే పడాలి. తర్వాత డి, అంటే గోల్ ముందు డి అక్షరంలా వంగిన గీత చూడండి. గోల్ పోస్టు నుంచి డి అంచుకు 14.63 మీటర్లు, అంటే ఈ బొమ్మ మీద 6.4 సెంటీమీటర్లు. డి బయట 5 మీటర్ల దూరంలో ముక్కల గీత ఉందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. 23 మీటర్ల లోపల ఫ్రీ హిట్ దొరికితే దాడి చేసే జట్టు బంతిని నేరుగా డి లోకి కొట్టకూడదు. ఆ నియమం వివరించాలంటే ఆ ముక్కల గీత ఉండి తీరాలి. చవక బోర్డుల్లో ముందు ఎగిరిపోయేది అదే.

ఇక బిళ్లలు. ఇక్కడ బోర్డు ఒక మోసం చేస్తుంది, అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు గమనించడు. 40 సెంటీమీటర్ల బొమ్మ మీద ఒక సెంటీమీటరంటే మైదానంలో 2.3 మీటర్లు. మామూలుగా వచ్చే బిళ్ల అడ్డకొలత 2 సెంటీమీటర్లు. అంటే ఒక్కో బిళ్ల నాలుగున్నర మీటర్ల జాగా మింగేస్తుంది. గోల్ వెడల్పు 3.66 మీటర్లు, బోర్డు మీద 1.6 సెంటీమీటర్లు. కీపర్ బిళ్ల పెట్టగానే గోల్ పూర్తిగా మూసుకుపోతుంది! ముగ్గురు ఫార్వర్డ్‌లు, వెనక ముగ్గురు మిడ్‌ఫీల్డర్‌లను వరసగా పేరిస్తే బోర్డు మీద చీమ దూరే సందు కూడా కనిపించదు. అదే వరస మైదానంలో నిలబడితే ఇద్దరి మధ్యన ఎద్దుల బండి తోలుకుపోవచ్చు. క్వార్టర్ ఫైనల్లో ఎదుటి జట్టు సెంటర్ హాఫ్ ఆ సందులోంచే బంతి లాగించేస్తుంటే, 'బోర్డు మీద మూసేశాం కదా' అని కుర్రాళ్లు తెల్లమొహం వేస్తారు.

దీనికి మందు చిన్న బిళ్లలు. ఒక సెంటీమీటరు అడ్డకొలత ఉన్న గుండ్రటి అయస్కాంతాలు హార్డ్‌వేర్, క్రాఫ్టు సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. రెండు రంగుల టేపు ముక్కలు అతికించి జెర్సీ నెంబరు రాసుకుంటే సరి. పేర్లు వద్దు, నెంబర్లే రాయండి. మనవైపు ఒకే జట్టులో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు, కుయి మాట్లాడేవాళ్లు కలిసి ఆడతారు. నెంబరు అందరికీ ఒకటే. ఆ మాటకొస్తే ఈ బోర్డు చేసే అతి పెద్ద మేలు ఇదే. 'ఎడమవైపు తోసుకుంటూ వెళ్లి బేస్‌లైన్ దగ్గర్నుంచి వెనక్కి పాస్ ఇవ్వాలి' అన్న ముక్కను మూడు భాషల్లో చెప్పే బదులు బిళ్ల జరిపి చూపిస్తే అయిపోతుంది.

బిళ్లలు కదిపేటప్పుడు ఇంకో నియమం పెట్టుకోండి. టర్ఫ్ (కృత్రిమ పచ్చిక) మీద గట్టి పాస్ సెకనుకు పది మీటర్లు దాటడం మామూలే. నిలబడ్డ చోటు నుంచి పరుగు అందుకునే ఆటగాడు ఆ సెకనులో నాలుగైదు మీటర్లకు మించి రాలేడు. కాబట్టి బంతి బిళ్లను 4 సెంటీమీటర్లు జరిపితే ఆటగాడి బిళ్లను 2 కన్నా ఎక్కువ జరపకూడదు. కోచ్‌లు సాధారణంగా ఆరుగురి బిళ్లల్నీ అరచేత్తో ఒక్కసారే ఎటు కావాలంటే అటు నెట్టేస్తారు, చూడ్డానికి ప్రెస్ అద్భుతంగా కనిపిస్తుంది. రెండుకు ఒకటి లెక్కన జరిపి చూడండి, ఎదుటి ఫుల్‌బ్యాక్ ఒక గీతలో కొట్టిన పాస్‌కు మన వింగర్ ఎంత ఆలస్యంగా చేరతాడో తేలిపోతుంది. అప్పుడు వింగర్‌ను ముందే రెండు అడుగులు లోపలికి నిలబెట్టాలా, పాస్ వేసే చోటునే మార్చేలా ఫార్వర్డ్‌ను తిప్పాలా అని ఆలోచించుకోవచ్చు. మట్టి మైదానంలో బంతి నెమ్మదిస్తుంది, గెంతుతుంది కూడా. ఇక్కడ పని చేసిన ప్రెస్ భువనేశ్వర్, రూర్కెలా టర్ఫ్ మీద అర సెకను వెనకబడేది ఇందుకే. జిల్లా దాటి పైకి వెళ్లే జట్టుకు బోర్డు మీద ఈ తేడా ముందే చూపించాలి.

పెనాల్టీ కార్నర్‌కు మాత్రం ముందు వైపు బొమ్మ చాలదు. 6.4 సెంటీమీటర్ల డి లో కీపరుతో కలిపి ఐదుగురు డిఫెండర్లు, అంచున ఆరేడుగురు దాడి చేసేవాళ్లు పట్టరు. కొన్ని బోర్డుల వెనకవైపు డి ఒక్కటే పెద్దదిగా అచ్చు వేసి ఉంటుంది. వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. వెనక ఖాళీగా ఉంటే మనమే గీసుకోవచ్చు. లెక్క తేలిక: ఒక సెంటీమీటరు ఒక మీటరు. పొడవాటి అంచు బేస్‌లైన్. దాని నడుమ 3.7 సెంటీమీటర్ల గోల్. రెండు పోస్టుల దగ్గరా దారం పట్టుకుని 14.6 సెంటీమీటర్లతో చెరో పావు వృత్తం, వాటిని కలుపుతూ గోల్‌కు ఎదురుగా 3.7 సెంటీమీటర్ల తిన్నని గీత. చాలామంది ఆ తిన్నని ముక్క మరిచిపోయి ఒకటే అర్ధవృత్తం గీసేస్తారు, అప్పుడు డి చిన్నదైపోతుంది. బంతి ఇంజెక్ట్ చేసే (బేస్‌లైన్ నుంచి లోపలికి తోసే) చోటు పోస్టుకు 10 సెంటీమీటర్ల దూరంలో, రెండు వైపులా గుర్తు పెట్టుకోండి. ఈ కొలతలో 2 సెంటీమీటర్ల బిళ్ల కూడా సరిపోతుంది, స్టిక్ చాపిన మనిషి ఆ మాత్రం జాగా అందుకుంటాడు.

పర్మనెంట్ మార్కరుతో మాత్రం గీయకండి. దాని మీద మామూలు బోర్డు మార్కరుతో రాసి తుడిస్తే కింది గీత కూడా కరిగి ఊడొస్తుంది. సన్నటి రంగు టేపు అతికించుకుంటే ఆ బాధ లేదు.

ఇప్పుడు ఆ పెద్ద డి మీద ఏం చూపించాలి? డిఫెన్స్ వైపు ఐదుగురూ గోల్ లైన్ వెనక ఉంటారు, మిగతావాళ్లు నడిమి గీత అవతల. బంతి కదిలాక మొదటి రన్నర్ నేరుగా ఫ్లిక్ చేసేవాడి (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరేవాడి) మీదికి పరుగెత్తాలి. రెండో రన్నర్ అతని వెనకాల కొంచెం పక్కకు, బంతి పక్కకు జారితే అందుకునేలా. ఒకరు పోస్టు దగ్గర, ఒకరు కీపరు వదిలేసే రీబౌండు కోసం. మొదటి రన్నర్ పరుగు దారిని ఒక్క సెంటీమీటరు తప్పుగా గీసినా ఫ్లిక్‌కు అడ్డం పడాల్సినవాడు కీపరు చూపుకే అడ్డం పడతాడు. ఇది మాటలతో వంద సార్లు చెప్పినా ఎక్కదు గానీ బోర్డు మీద ఒక దారం లాగి పెడితే ఎక్కుతుంది: బంతి ఆగే చోటు నుంచి రెండు పోస్టులకూ చెరో దారం, ఆ రెండు దారాల మధ్య రన్నర్ బిళ్ల ఎటు నుంచి వస్తోందో చూపించండి. ఎవరైనా తొందరపడి ముందే గీత దాటితే అంపైర్ అతన్ని నడిమి గీత అవతలికి పంపేస్తాడు, బదులు ఇంకొకరు రాకూడదు, నలుగురితోనే కాచుకోవాలి. ఆ నలుగురి ఏర్పాటు కూడా బోర్డు మీద ఒకసారి వేసి ఉంచాలి. సెమీఫైనల్ ఒత్తిడిలో ముందే దూకేవాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు.

దాడి వైపు మూడు ఎత్తులు చాలు: నేరుగా ఫ్లిక్, పక్కవాడికి జార్చి కొట్టించడం, ఇంజెక్ట్ చేసినవాడికే తిరిగి ఇవ్వడం. వాటికి ఒకటి, రెండు, మూడు అని నెంబర్లు. మొదటి షాట్ హిట్ అయితే బంతి గోల్ లైన్ దగ్గర 460 మిల్లీమీటర్ల గోల్ చెక్క ఎత్తు దాటకూడదు, ఫ్లిక్‌కు ఆ అడ్డు లేదు. మట్టి మైదానంలో బంతిని నిలకడగా ఆపడమే గండం కాబట్టి ఇక్కడ రెండో ఎత్తే ఎక్కువ ఫలిస్తుంది. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో పెనాల్టీ కార్నర్ ఇచ్చాక గడియారం 40 సెకన్లు ఆపుతారు. ఆ వ్యవధిలో బోర్డు తెరిచి చూపించడం అయ్యే పని కాదు. బోర్డు పని అంతా ముందురోజే, మైదానంలో వేళ్లతో నెంబరే.

బోర్డు చేతులెత్తేసే చోటు, జట్టు కూర్పు. పెట్టెలో ఒక్కో రంగుకు 11 బిళ్లలే ఉంటాయి, బెంచి కనిపించదు. హాకీలో బెంచి అంటే గాయపడితే వచ్చేవాళ్లు కాదు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆట ఆపక్కర్లేదు, లోపలివాడు బయటికి వచ్చాక బయటివాడు లోపలికి వెళ్తాడు. ఫార్వర్డ్‌లు నాలుగైదు నిమిషాలు విరుచుకుపడి రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకోవడం మామూలు పద్ధతి. ఒక్కటే మెలిక: పెనాల్టీ కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకా మార్పులు బంద్. డిఫెండింగ్ కీపర్‌కు గాయమైనా, కార్డు పడినా తప్ప. మీ డ్రాగ్ ఫ్లిక్ కుర్రాడు అప్పుడే నీళ్లు తాగడానికి బెంచి ఎక్కాడా, ఆ కార్నర్ అతను అక్కడి నుంచి చూడాల్సిందే. మొదటి రన్నర్ బెంచి మీద ఉండగా కార్నర్ ఇచ్చుకుంటే అంతకన్నా నష్టం.

2024 పారిస్ ఒలింపిక్స్ దీనికి మంచి పాఠం. ఆగస్టు 4న క్వార్టర్ ఫైనల్లో గ్రేట్ బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మన సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా ఊరివాడు, భారత మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ ఊరే. మిగతా ఆటంతా పదిమందితో ఆడి 1-1తో నిలబెట్టుకుని, కీపర్ శ్రీజేష్ పుణ్యమా అని షూటౌట్‌లో 4-2తో గట్టెక్కారు. ఆ పోరాటం అందరికీ గుర్తుంది. దాని వెనకాలే వచ్చిన బిల్లు తక్కువమందికి గుర్తుంది. ఒలింపిక్స్ జట్టులో 16 మందే. రోహిదాస్ మీద సస్పెన్షన్ పడటంతో జర్మనీతో సెమీఫైనల్‌కు 15 మంది మిగిలారు. జట్టులో డిఫెండర్లు ఐదుగురు: హర్మన్‌ప్రీత్, జర్మన్‌ప్రీత్, సంజయ్, సుమిత్, రోహిదాస్. ఒకరు పోతే నాలుగు చోట్లకు నలుగురే, బెంచి మీద డిఫెండర్ అంటూ లేడు. పైగా రోహిదాస్ పెనాల్టీ కార్నర్‌లో మొదటి రన్నర్ కూడా. ఆ మ్యాచ్‌లో జర్మనీ మొదటి గోల్ గొంజాలో పెయ్యా 18వ నిమిషంలో పెనాల్టీ కార్నర్ మీదే కొట్టాడు. చివరికి 54వ నిమిషం గోల్‌తో 3-2 జర్మనీది. రోహిదాస్ ఉంటే గెలిచేవాళ్లమని ఎవరూ ప్రమాణం చేయలేరు గానీ, ఒక మనిషి లోటు ఎన్ని చోట్ల చిల్లు పెడుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

దీన్ని బోర్డు మీద చూపించలేరు. కాగితం మీద చూపించవచ్చు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి 60 నిమిషాలను ఐదేసి నిమిషాల చొప్పున 12 గళ్లు చేయండి. మూడేసి గళ్లకు ఒక క్వార్టర్. కిందికి ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస, కీపరును వదిలేయండి. ఒక్కో నిలువు గడిలో సరిగ్గా పది టిక్కులు పడాలి. మొత్తం 120 టిక్కులు. కీపరు కాక 15 మంది ఉంటే తలా 8 టిక్కులు, అంటే 40 నిమిషాలు. 14 మందే ఉంటే తలా ఎనిమిదిన్నర దాటుతుంది, దాదాపు 43 నిమిషాలు. మూడు నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ భారం అందరి మీదా సమానంగా పడదు. డిఫెండర్ పోతే ఆ ఎనిమిది టిక్కులూ మిగతా డిఫెండర్ల వరసల్లోకే పోయి ఒక్కొక్కరికి పది, పదకొండు పడతాయి.

టిక్కులు పెట్టేటప్పుడు చివరి నుంచి మొదటికి పనిచేయండి. ముందుగా చివరి రెండు గళ్లు, 50 నుంచి 60 నిమిషాలు. మీ దగ్గరున్న పదిమంది మేటివాళ్లు అక్కడ ఉండాలి. వాళ్లు అక్కడ తాజాగా ఉండాలంటే ఎనిమిది, తొమ్మిది గళ్లలో విడతలవారీగా కూర్చోవాలి. చాలామంది కోచ్‌లు మొదటి గడి నుంచి మొదలుపెట్టి, బలమైన పదిమందినీ అక్కడే ఖర్చుపెట్టేసి, ఆఖరికి వచ్చేసరికి ఎవరు మిగిలితే వాళ్లతో సరిపెట్టుకుంటారు. 2023 ప్రపంచకప్‌లో భువనేశ్వర్‌లో న్యూజీలాండ్ మీద క్రాసోవర్ (క్వార్టర్ ఫైనల్‌కు చేర్చే) మ్యాచ్ గుర్తుంది కదా. 3-1 ఆధిక్యంలో ఉన్న మనవాళ్లు 43, 49 నిమిషాల్లో గోల్స్ ఇచ్చుకుని, 3-3 అయ్యి, షూటౌట్‌లో 4-5తో ఇంటిదారి పట్టారు. అంతకు ముందే హార్దిక్ సింగ్ తొడ కండరం గాయంతో టోర్నీకి దూరమయ్యాడు, మిడ్‌ఫీల్డ్‌లో పరుగు తగ్గింది. తొమ్మిది, పది గళ్లలో ఎవరున్నారన్నది మ్యాచ్ మొత్తాన్ని తేల్చేస్తుంది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ కూడా ఇలాంటిదే. హైదరాబాద్ తూఫాన్స్ మీద బెంగాల్ టైగర్స్ జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టాక, చివరి క్వార్టర్‌లో శామ్ లేన్ గోల్‌తో 4-3 చేసి కప్పు ఎగరేసుకుపోయింది. భువనేశ్వర్‌లో న్యూజీలాండ్ తరఫున మన మీద మొదటి గోల్ కొట్టినవాడూ ఈ శామ్ లేనే. ఒడిశా అంటే అతనికి కలిసొచ్చినట్టుంది.

తర్వాత జంటలు రాసుకోండి. ఇద్దరు ఫ్లిక్కర్లలో ఒకరు ప్రతి గడిలోనూ ఉండాలి. ఇద్దరు ఇంజెక్టర్లలో ఒకరు, ఇద్దరు స్టాపర్లలో (ఇంజెక్ట్ చేసిన బంతిని ఆపేవాళ్లలో) ఒకరు, మొదటి రన్నర్లు ఇద్దరిలో ఒకరు. ఏ గడిలోనైనా ఒక జంట మొత్తం ఖాళీగా ఉంటే అక్కడ ఎర్ర పెన్నుతో చుట్టండి, టిక్కులు మార్చండి. ఇలా సరిచూస్తే దాదాపు ప్రతి జట్టులోనూ ఒక నిజం బయటపడుతుంది: స్టాపర్ ఒక్కడే ఉంటాడు. గోల్ కొట్టేవాడి వెనకాల అందరూ పడతారు గానీ బంతి ఆపేవాడిని ఇంకొకరిని తయారు చేయాలని ఎవరికీ తట్టదు. నాకౌట్‌కు వారం ముందు కాగితం మీద ఇది కనిపిస్తే ఇంకొక కుర్రాణ్ణి రోజుకు యాభై బంతులు ఆపించి తయారు చేసుకోవచ్చు. మ్యాచ్‌లో కనిపిస్తే చేసేదేమీ లేదు.

కార్డుల సంగతీ ఈ కాగితం మీదే. గ్రీన్ అయితే రెండు నిమిషాలు బయట, యెల్లో అయితే కనీసం ఐదు, రెడ్ అయితే ఇక అంతే. యెల్లో పడిందంటే ఒక పూర్తి గడిలో తొమ్మిది టిక్కులే. డిఫెండర్‌కు కార్డు పడితే అతని చోటు ఖాళీగా వదలక్కర్లేదు, ఒక ఫార్వర్డ్‌ను వెనక్కి పిలిచి బెంచి మీది డిఫెండర్‌ను పంపవచ్చు. 4-3-3 (డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్‌లు, ఫార్వర్డ్‌ల లెక్క) ఆడేవాళ్లు 4-3-2 అవుతారు. బోర్డు ఇక్కడ కొంచెం పనికొస్తుంది: ప్రతి బోర్డు క్లాసు చివర ఎవరో ఒకరి బిళ్ల తీసేసి, కీపరు కాక మిగతా తొమ్మిదింటినీ కుర్రాళ్ల చేతే సర్దించండి. కోచ్ సర్దితే వాళ్లు చూస్తారు, వాళ్లు సర్దితే గుర్తుంచుకుంటారు.

షూటౌట్‌కు ఈ బోర్డు భేషుగ్గా సరిపోతుంది. 23 మీటర్ల గీత నుంచి గోల్ దాకా 8 సెకన్లు. బోర్డు మీద ఆ దూరం 10 సెంటీమీటర్లు. ఐదుగురి దారులూ ఐదు రంగుల్లో గీసి పెడితే ముగ్గురు ఒకే వైపు తిరుగుతున్నారని తెలిసిపోతుంది. ఎదుటి కీపరు కూడా అది గమనిస్తాడు.

సరుకు మన్నిక మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. మన ఎర్రమట్టి దుమ్ము సన్న ఇసుక కాగితంలా పనిచేస్తుంది. డస్టరుతో రుద్దిన కొద్దీ పైపూత గీసుకుపోయి, ఆ గీతల్లో సిరా దిగి, తుడిచినా నీలి నీడ మిగిలిపోతుంది. ముందు తడిగుడ్డతో దుమ్ము తీసి, ఆరాకే డస్టరు వాడాలి. మిగిలిన మరక మీద కొత్త మార్కరుతో మళ్లీ రాసి వెంటనే తుడిస్తే చాలావరకు వస్తుంది, రాకపోతే దూదితో స్పిరిట్. మే నెల ఎండలో జీపు డాష్‌బోర్డు మీద వదిలేస్తే లోపలి రేకుకూ పై ప్లాస్టిక్‌కూ మధ్య జిగురు వదిలేసి బోర్డు బుడగలు లేస్తుంది. ఆ బుడగల మీద బిళ్ల నిలవదు. వానాకాలం జిప్పు తుప్పు పడుతుంది, కొవ్వొత్తి రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది. పెట్టెలో వచ్చే మార్కరు గురించి చెప్పుకోవడం దండగ, మంచి మార్కర్లు నాలుగు రంగుల్లో వేరే కొనుక్కోండి.

అయస్కాంతం బలం చూడ్డానికి పార్సిల్ విప్పగానే బిళ్లలన్నీ పెట్టి, బోర్డును నిలువుగా పట్టుకుని రెండు సార్లు గట్టిగా ఊపండి. మూడు నాలుగు రాలితే వెంటనే వాపసు పంపేయండి. పదహారు మంది పిల్లలు చుట్టూ మూగితే బోర్డును నిలబెట్టి పట్టుకోక తప్పదు, పాస్ చెబుతుండగా రైట్ హాఫ్ ఊడి కింద పడితే నవ్వులే మిగులుతాయి. మైదానం గీతల బయట నాలుగు వేళ్ల ఖాళీ అంచు ఉన్న బోర్డయితే బెంచి బిళ్లలు అక్కడ వరసగా పెట్టుకోవచ్చు. అంచు లేనిదైతే ఎడమ రెక్కలోని జేబే బెంచి.

ఫోనులో యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. ఎండలో తెర కనిపించదు, ఇద్దరికి మించి చూడలేరు. ఇంట్లో కూర్చుని ఎత్తులు వేసుకోవడానికి బాగుంటాయి. గోడకు తగిలించే పెద్ద బోర్డు హాస్టల్ గదిలో ఉంటే ఇంకా మంచిది గానీ, దాన్ని బస్సులో వేసుకుని గుణుపురం నుంచి బరంపురం వెళ్లలేం.

రెండు నిమిషాల విరామంలో బోర్డు ఎంత వాడాలో కూడా చెప్పాలి. పిల్లలు బయటికి వచ్చి, నీళ్లు తాగి, ఊపిరి పీల్చుకునేసరికి ముప్పై నలభై సెకన్లు పోతాయి. మళ్లీ లోపలికి నడవడానికి ఇంకో ఇరవై. మిగిలిన నిమిషంలో ఒక్క విషయం, రెండు బిళ్లలు, ఒక గీత. మూడో క్వార్టర్ తర్వాత విరామంలో బోర్డు అసలు తెరవకుండా కాగితం తీసి, పదో గడి నుంచి ఎవరెవరు ఉంటారో నెంబర్లు చదివితే సరిపోతుంది.

కొనేవాళ్లకు ఇదీ జాబితా: వెనక పెద్ద డి ఉన్న జిప్ ఫోల్డరు, బొమ్మ 40 సెంటీమీటర్లకు తగ్గకుండా. 36 చిన్న అయస్కాంతాలు, జట్టుకు 18 చొప్పున. సన్న రంగు టేపు ఒక చుట్ట, నాలుగు మార్కర్లు, గళ్లు గీసిన ఏ4 జిరాక్సులు ఒక పాతిక. స్కూలు జట్టుకైతే, లీగ్ మ్యాచ్‌లు మాత్రమే ఆడేవాళ్లకైతే ముందు జిరాక్సులు తీయించండి, బోర్డు వచ్చే సీజనుకు చూసుకోవచ్చు.